తీన్ బిఘా: భూమి మనది, దారి వాళ్లది

మీరు అడిగినవి మూడు. పశ్చిమ బెంగాల్‌లోని తీన్ బిఘాను మన ప్రభుత్వం బంగ్లాదేశ్‌కు రాసిచ్చేసిందన్నది నిజమేనా? అందులో పి.వి. నరసింహారావు హస్తం ఉందంటారు, ఏ మేరకు? 2015లో రెండు దేశాలూ ఒకరి భూమి మధ్య ఒకరివి చిక్కుపడిన ఊళ్లను మార్చుకున్నప్పుడు ఈ ఒక్క ముడినీ ఎందుకు విప్పలేదు?

ముందు పొట్టి జవాబు. రాసివ్వలేదు. పీవీ 1982లో విదేశాంగ మంత్రిగా ఒక ఉత్తరం మీద సంతకం చేశారు, అయితే ఆ ఉత్తరంలోనే ఆ నేల మీద సార్వభౌమాధికారం భారత్‌దేనని ఉంది. ముడి విప్పకపోవడానికి కారణం తీన్ బిఘాలో లేదు, బేరుబారి అనే మరో చోట ఉంది. ఇక పొడుగు జవాబు. ఓపిక ఉంటేనే చదవండి. కాకినాడలో పొలం దారుల దావాలు నడుపుకుంటూ బతికినవాణ్ని, దస్తావేజు చూడకుండా మాట్లాడటం నాకు చేతకాదు. దీని మీద వచ్చిన సుప్రీంకోర్టు తీర్పు చదివాక ఆ చోటేమిటో కళ్లతో చూడాలనిపించి ఒకసారి వెళ్లి వచ్చాను కూడా.

మొదట హద్దులు. కూచ్ బిహార్ జిల్లాలో తీస్తా నది పక్కన మెఖ్లిగంజ్ అనే చిన్న పట్టణం ఉంది. అక్కడి నుంచి కుచ్లిబారి వైపు ఒక రోడ్డు వెళుతుంది. ఒకచోట ఆ రోడ్డుకు తూర్పున బంగ్లాదేశ్ ప్రధాన భూభాగం, అంటే పాట్‌గ్రామ్ ఉపజిల్లా, ఉంటుంది. పడమట దహగ్రామ్, అంగర్‌పోతా అనే పల్లెలు ఉంటాయి. అవీ బంగ్లాదేశ్‌వే, కానీ చుట్టూ భారత భూమే. రెండూ కలిపి సుమారు 18 చదరపు కిలోమీటర్ల పైచిలుకు. ఈ పల్లెలకూ వాటి సొంత దేశానికీ మధ్య అతి దగ్గరి చోట దూరం 178 మీటర్లు. ఆ 178 మీటర్ల పొడవు, 85 మీటర్ల వెడల్పు ఉన్న భారత భూమి ముక్కే తీన్ బిఘా. కొలిస్తే నాలుగు ఎకరాలకు కొంచెం తక్కువ. మన వైపు ఒక మోస్తరు రైతుకు ఉండే కమతమంత. దాని కోసం రెండు రాజ్యాంగాలు, రెండు సుప్రీంకోర్టులు, అరడజను మంది ప్రధానులు దశాబ్దాల పాటు తలలు పట్టుకున్నారు.

ఈ చిక్కు ఎలా పుట్టిందంటే అక్కడ ఎవరైనా చదరంగం కథ చెబుతారు. కూచ్ బిహార్ రాజూ, రంగపూర్‌లోని మొఘలు అధికారి ఫౌజ్‌దారూ ఊళ్లను పందెంగా ఒడ్డి ఆడారట, ఓడిన ఊరల్లా అవతలివాడి ఖాతాలో పడిందట. వినడానికి బాగుంటుంది, రుజువు మాత్రం లేదు. అసలు సంగతి ఇంకాస్త చప్పగా ఉంటుంది. 18వ శతాబ్దం మొదట్లో మొఘలులకూ కూచ్ రాజ్యానికీ జరిగిన పోరు 1713లో సంధితో ముగిసింది. కూచ్ నేలలో మొఘలు పక్షాన నిలిచిన వారి చేతిలో కొన్ని ఊళ్లు, మొఘలు నేలలో కూచ్ రాజుకు విధేయులైన వారి చేతిలో మరికొన్ని ఊళ్లు అలాగే మిగిలిపోయాయి. శిస్తు ఎవరికి కడితే ఊరు వారిది. అప్పట్లో ఇదేమీ వింత కాదు. మన మునగాల పరగణా కృష్ణా జిల్లాలోదే అయినా చుట్టూ నైజాం రాజ్యం ఉండేది. శిస్తు ఒక కచేరీకి, సంత మరో రాజ్యంలో. జనానికి అది నిత్య వ్యవహారమే.

1947లో దేశ విభజనకు రాడ్‌క్లిఫ్ గీసిన గీతతో రంగపూర్ తూర్పు పాకిస్తాన్‌లోకి పోయింది. కూచ్ బిహార్ సంస్థానం కనుక ఆ గీత దాని జోలికి రాలేదు. 1949లో ఆ సంస్థానం భారత్‌లో కలిసి, 1950 జనవరి 1న పశ్చిమ బెంగాల్‌లో జిల్లా అయింది. దాంతో పాత శిస్తు ద్వీపాలన్నీ పరాయి దేశపు ద్వీపాలయ్యాయి. వాటినే అక్కడ చిట్‌మహల్ అంటారు. 1952 అక్టోబరులో తూర్పు పాకిస్తాన్‌కూ మనకూ మధ్య పాస్‌పోర్టు, వీసా పద్ధతి పెట్టేదాకా పెద్దగా ఇబ్బంది తెలియలేదు. ఆ తర్వాతే అసలు నరకం. పాస్‌పోర్టు తెచ్చుకోవాలంటే తన దేశపు పట్టణానికి వెళ్లాలి. వెళ్లాలంటే పరాయి దేశం దాటాలి. దాటాలంటే పాస్‌పోర్టు కావాలి. దహగ్రామ్ రైతు పాట్‌గ్రామ్ సంతకు వడ్లు తీసుకుపోవడం చట్టం ప్రకారం అక్రమ చొరబాటు. ఈ పరిస్థితి తీన్ బిఘా తెరిచేదాకా నలభై ఏళ్లు సాగింది.

ఇప్పుడు బేరుబారి. ఇది తెలియకపోతే తీన్ బిఘా అర్థం కాదు కాబట్టి కాస్త ఓర్చుకోండి. జల్‌పాయ్‌గురి జిల్లాలో బేరుబారి యూనియన్ నంబరు 12 అని 8.75 చదరపు మైళ్ల ప్రాంతం ఉంది. రాడ్‌క్లిఫ్ తీర్పులో ఒక ఠాణా పేరు రాయడం మరిచిపోయారు. ఆ ఖాళీని పట్టుకుని పాకిస్తాన్ ఈ ప్రాంతం మాదేనంది. 1958లో నెహ్రూ, పాకిస్తాన్ ప్రధాని ఫిరోజ్ ఖాన్ నూన్ సగం సగం పంచుకుందామని ఒప్పుకున్నారు. పనిలో పనిగా చిట్‌మహళ్లనూ మార్చుకుందామన్నారు. బెంగాల్ భగ్గుమంది. రాష్ట్రపతి సుప్రీంకోర్టు సలహా అడిగారు. 1960 మార్చి 14న కోర్టు ఇచ్చిన అభిప్రాయం ఈనాటికీ పాఠమే: భారత భూమిని పరాయి దేశానికి ఇవ్వాలంటే మామూలు చట్టం చాలదు, రాజ్యాంగాన్ని సవరించాలి. ప్రభుత్వం అదే ఏడాది తొమ్మిదో సవరణ తెచ్చింది కూడా. కానీ ఆ తర్వాత వ్యాజ్యాల మీద వ్యాజ్యాలు పడి బేరుబారి చేయి మారలేదు. ఇంతలో 1971 వచ్చింది, పాకిస్తాన్ స్థానంలో బంగ్లాదేశ్ నిలిచింది.

1974 మే 16న ఇందిరా గాంధీ, షేక్ ముజీబుర్ రహమాన్ సరిహద్దు ఒప్పందం చేసుకున్నారు. అందులో చిట్‌మహళ్లన్నీ మార్చుకోవాలని ఒక నిబంధన, దానికి మినహాయింపుగా మరొకటి ఉన్నాయి. ఆ మినహాయింపే మన కథ. దక్షిణ బేరుబారిలో సగాన్ని, దాని పక్కనున్న చిట్‌మహళ్లను, అంటే సుమారు 2.64 చదరపు మైళ్లను, భారత్ ఉంచుకుంటుంది. బదులుగా దహగ్రామ్, అంగర్‌పోతా బంగ్లాదేశ్ దగ్గరే ఉంటాయి. వాటిని పాట్‌గ్రామ్ ఠాణాలోని పాన్‌బారి మౌజాతో, అంటే రెవెన్యూ గ్రామంతో, కలపడానికి తీన్ బిఘా దగ్గర 178 మీటర్లు, 85 మీటర్ల స్థలాన్ని భారత్ శాశ్వతంగా లీజుకు ఇస్తుంది.

ఇది మామూలు బేరం. బేరుబారి మనకు కావాలి, దహగ్రామ్ వాళ్లకు కావాలి, దహగ్రామ్‌కు దారి కావాలి. బంగ్లాదేశ్ అదే ఏడాది నవంబరులో తన రాజ్యాంగాన్ని సవరించి ఒప్పందాన్ని ఆమోదించింది. అక్కడా ఒక న్యాయవాది సుప్రీంకోర్టుకెక్కి అడ్డుకోబోయాడు, మన బేరుబారి కేసుకు కవల సోదరుడిలా. మనం మాత్రం ఆమోదానికి 41 ఏళ్లు తీసుకున్నాం. బేరుబారి అంతసేపూ మన స్వాధీనంలోనే ఉందన్నది గుర్తుంచుకోండి. బేరంలో మనకు రావలసింది మన చేతిలో ఉంది, ఇవ్వవలసిందే బాకీ.

పీవీ వచ్చేది ఇక్కడ. 1982లో ఆయన విదేశాంగ మంత్రి. బంగ్లాదేశ్ సైనిక పాలకుడు ఎర్షాద్ ఢిల్లీ వచ్చినప్పుడు, అక్టోబరు 7న పీవీకీ బంగ్లాదేశ్ విదేశాంగ మంత్రి శంసుద్ దోహాకూ మధ్య ఉత్తరాలు నడిచాయి. లీజు షరతులన్నీ ఆ ఉత్తరాల్లోనే ఉన్నాయి. నా వృత్తిలో ఎన్నో దారి దస్తావేజులు చూశాను గానీ ఇంత జాగ్రత్తగా రాసింది అరుదు. పీవీ ప్రతి మాటా తూచి రాస్తారన్న పేరు ఊరికే రాలేదు, అయితే ఈ ముసాయిదాలో అధికారుల పాలు ఎంతో ఉండి ఉంటుంది.

మొదటి మాటే కీలకం: లీజు స్థలం మీద సార్వభౌమాధికారం భారత్‌కే కొనసాగుతుంది. అద్దె ఏడాదికి ఒక బంగ్లాదేశ్ టాకా. ఆ ఒక్క టాకానూ వసూలు చేసే హక్కును భారత్ వదులుకుంటున్నదని అదే వాక్యం వెంట ఉంది. నవ్వొచ్చే నిబంధనే, కానీ అర్థం లేనిది కాదు. అద్దె ఉందంటే యజమాని ఉన్నట్టు, ఆ అద్దెను మాఫీ చేయగలిగేదీ యజమానే. లీజు ఉద్దేశం దహగ్రామ్, అంగర్‌పోతాల మీద బంగ్లాదేశ్ తన సార్వభౌమాధికారాన్ని చెలాయించుకోవడానికి వీలు కల్పించడమని రాశారు. తీన్ బిఘా మీద చెలాయించుకోవడానికి అని కాదు.

బంగ్లాదేశ్ పౌరులు, పోలీసులు, సైనికులు ఆయుధాలతో సహా అడ్డంకి లేకుండా తిరగవచ్చు. పాస్‌పోర్టు గానీ మరే ప్రయాణ పత్రం గానీ చూపనక్కరలేదు. సరుకుల మీద సుంకం లేదు. భారతీయులకూ అటూ ఇటూ తిరిగే హక్కు అంతే స్వేచ్ఛగా ఉంటుంది. కావాలంటే భారత్ ఆ స్థలం మీదుగా వంతెన రోడ్డు గానీ కింది నుంచి సొరంగ మార్గం గానీ తన కోసం కట్టుకోవచ్చు. కరెంటు తీగలు, నీటి గొట్టాలు ఇద్దరూ వేసుకోవచ్చు. గొడవ జరిగితే ఎవరి మనిషిని వారి పోలీసులే విచారిస్తారు. ఇద్దరి మనుషులూ ఉంటే అక్కడ ఎవరుంటే వారు ముందు శాంతిభద్రతలు చూస్తారు, తర్వాత ఎవరి మనిషిని వారికి అప్పగిస్తారు. ఇవేవీ వర్తించని చోట మిగులు అధికారం భారత్‌ది. రోజువారీ నిర్వహణ కూచ్ బిహార్, రంగపూర్ జిల్లాల డిప్యూటీ కమిషనర్ల చేతిలో. దేశాల మధ్య వ్యవహారాన్ని ఇద్దరు జిల్లా అధికారులకు అప్పగించడం నాకు బాగా నచ్చింది. పొలం గట్టు తగాదా ఢిల్లీ దాకా పోతే తేలదు.

చుట్టూ ఇతరుల పొలాలున్న రైతుకు మధ్య పొలంవాడు దారి ఇస్తాడు చూడండి, అదే ఇది. దారి ఇచ్చినంత మాత్రాన పట్టా చేతులు మారదు. అయితే మన ఊళ్లలో దారి హక్కు నడిచే మనుషులకూ, బండ్లకూ, పశువులకూ. తుపాకులకు కాదు. తేడా ఇక్కడే ఉంది, దీనికి ఒక పాత సంగతి చెప్పాలి. దాద్రా, నగర్ హవేలీ అనే పోర్చుగీసు ద్వీపాలు మన భూమి మధ్య ఉండేవి. 1954లో మనం దారి మూసేశాం. పోర్చుగల్ అంతర్జాతీయ న్యాయస్థానానికి వెళ్లింది. 1960 ఏప్రిల్ 12న తీర్పు వచ్చింది, అంటే బేరుబారి అభిప్రాయం వచ్చిన నెల తిరగకముందే. సాధారణ ప్రజలకూ, సివిల్ అధికారులకూ, సరుకులకూ దారి హక్కు ఉందని, సైన్యానికీ సాయుధ పోలీసులకూ ఆయుధాలకూ లేదని ఆ కోర్టు చెప్పింది. 1954లో మనం దారి ఆపడం తప్పు కాదనీ చెప్పింది. పోర్చుగల్‌కు మనం ససేమిరా ఒప్పుకోని ఆయుధాల దారిని 1982లో బంగ్లాదేశ్‌కు మనంతట మనమే ఇచ్చాం. ఇందులో తప్పు పట్టేవాళ్లున్నారు. నా మటుకు నాకు, వలస పాలకుడికి ఇచ్చేదీ పొరుగువాడికి ఇచ్చేదీ ఒకటి కావాలని లేదు.

కాకినాడవాణ్ని కనుక యానాం గుర్తుకు రాకుండా ఉండదు. 1954 దాకా అది ఫ్రెంచివారిది, మన గోదావరి ఒడ్డునే పరాయి దేశం. 1930లో శారదా చట్టం అమల్లోకి వచ్చాక బాల్య వివాహాలు చేయదలచిన మన పెద్దలు యానాం వెళ్లి పెళ్లిళ్లు జరిపించుకుని వచ్చేవారు. దానికి కల్యాణపురం అనే పేరు కూడా పడింది. సరిహద్దు మనుషులను ఆపదు, చట్టాన్ని ఆపుతుంది. దహగ్రామ్ దగ్గర మాత్రం మనుషులనే ఆపింది.

ఇక కోర్టు ఘట్టం. 1982 ఉత్తరాలు బయటికి రాగానే కలకత్తా హైకోర్టులో వ్యాజ్యాలు పడ్డాయి. శాశ్వత లీజు అంటే ఇచ్చేసినట్టే, కనుక రాజ్యాంగ సవరణ కావాలన్నది వాదన. వట్టి వాదన కాదది. నిరాటంక స్వాధీనం, శాశ్వతం అన్న మాటలు చూస్తే ఏ ప్లీడరైనా అలాగే వాదిస్తాడు. చివరికి 1990 మేలో సుప్రీంకోర్టు సుకుమార్ సేన్‌గుప్తా కేసులో తేల్చింది: సార్వభౌమాధికారం మారలేదు, అధికార పరిధి పూర్తిగా పోలేదు, భారతీయులు ఎప్పటిలాగే తిరుగుతారు. కాబట్టి ఇది భూమిని వదులుకోవడం కాదు, సవరణ అక్కరలేదు. మీ మొదటి ప్రశ్నకు చట్టపరమైన జవాబు ఇదే. అయినా ఇప్పటికీ ఎన్నికల సభల్లో ఇచ్చేశారు అనే మాట వినిపిస్తూనే ఉంటుంది, తీర్పు చదివే తీరిక ఎవరికుంది.

అయితే చట్టం తేలినంత మాత్రాన ఊరు ఒప్పుకోలేదు. కుచ్లిబారి వాళ్ల భయం చెప్పకుండా ఈ కథ చెబితే అన్యాయం. పటం తీసి చూడండి. కుచ్లిబారికి ఒకవైపు బంగ్లాదేశ్, మరోవైపు దహగ్రామ్. తీన్ బిఘా గుండా పోయే ఆ రోడ్డే వాళ్లను మిగతా దేశంతో కలిపే దారి. అది అవతలివారి చేతికి పోతే రేపు కుచ్లిబారే మన చిట్‌మహల్ అవుతుందన్నది వాళ్ల ఆందోళన. చిట్‌మహల్ బతుకు ఎలా ఉంటుందో పక్కనే ఉండి చూస్తున్నవాళ్లు మరి. వాళ్లలో చాలామంది దేశ విభజనప్పుడు అవతలి నుంచి వచ్చిన కుటుంబాలు. మన భూమి మీద మనకు హక్కు ఉంటుందని ఢిల్లీ చెబితే, అలాంటి మాటలు ఇంతకు ముందూ విన్నామని అన్నారు. సంఘర్షణ సమితులు పెట్టుకున్నారు, ఆందోళనల్లో ప్రాణాలు పోయాయి. 1992లో తెరవబోయే ముందు బీజేపీ దేశవ్యాప్తంగా దీన్ని వివాదం చేసింది. బెంగాల్‌లో జ్యోతి బసు ప్రభుత్వం తెరవడానికి సహకరించింది. పోలీసు కాల్పులూ జరిగాయి. ఆ ప్రాంతంలో జూన్ 26ను నల్లదినంగా జరుపుకునేవాళ్లున్నారు.

ఎందుకంటే 1992 జూన్ 26నే తీన్ బిఘా తెరిచారు. అప్పుడు ప్రధాని ఎవరు? పీవీయే. పదేళ్ల కిందట విదేశాంగ మంత్రిగా సంతకం పెట్టిన ఉత్తరాన్ని ప్రధానిగా అమలు చేశారు. తన సంతకాన్ని తానే నిలబెట్టుకునే అవకాశం రాజకీయాల్లో ఎందరికి దక్కుతుందో చెప్పలేను. మీ రెండో ప్రశ్నకు ఇదీ జవాబు.

కానీ ఎలా తెరిచారు? పగటిపూట, గంట విడిచి గంట. ఒక గంట బంగ్లాదేశ్ వాళ్లకు గేటు తీస్తారు, తర్వాతి గంట మూస్తారు. సాయంత్రం అయితే తాళం. 1982 ఉత్తరంలో ఏముంది? అడ్డంకి లేని రాకపోకలు. అందులో గంటల లెక్క ఎక్కడా లేదు. అందుకే నేను అందరికీ చెప్పేది ఒకటే. ఎక్కువ ఇచ్చేశామన్నది అబద్ధం. రాసిచ్చినదానికంటే తక్కువ ఇచ్చాం, అదీ చాలా ఏళ్లు. ఏ సివిల్ కోర్టులోనైనా దారి దస్తావేజు రాసిచ్చి, గేటు పెట్టి, గంట కొట్టి వదులుతానంటే జడ్జిగారు ఒప్పుకోరు. తరువాతి కాలంలో పగలంతా తెరిచి ఉంచారు గానీ రాత్రి మాత్రం మూతే. రాత్రి పూట నొప్పులు మొదలైన గర్భిణి, పాము కరిచిన మనిషి తెల్లవారేదాకా గేటు ఇవతల ఉండాల్సిందే. దహగ్రామ్‌లో పెద్దవాళ్లను ఎవరిని కదిపినా ఇలాంటి కథ ఒకటి ఉంటుంది.

కుచ్లిబారి భయాన్ని గౌరవిస్తూనే ఈ మాట అంటున్నాను. గేటు మూయడం వల్ల కుచ్లిబారికి ఒనగూడింది ఏమీ లేదు. వాళ్ల రోడ్డు మొదటి నుంచీ తెరిచే ఉంది. ఇన్నేళ్లలో కుచ్లిబారి ఏకాకి కాలేదు. ఉత్తరంలో రాసుకున్న వంతెన కట్టే అవసరమూ రాలేదు. రెండు రోడ్లు ఒకదాన్నొకటి అడ్డంగా దాటే మామూలు కూడలి చాలింది.

2011 సెప్టెంబరు 6న మన్మోహన్ సింగ్ ఢాకా వెళ్లినప్పుడు ఇరవై నాలుగు గంటల రాకపోకలకు ఒప్పుకున్నారు. తీస్తా నీళ్ల ఒప్పందం ఆ పర్యటనలోనే మమతా బెనర్జీ అభ్యంతరంతో ఆగిపోయింది కాబట్టి వార్తలన్నీ దాని మీదే నడిచాయి, తీన్ బిఘా మరుగున పడింది. దహగ్రామ్ వాళ్లకు మాత్రం అదే పెద్ద వార్త. అక్టోబరు 19న షేక్ హసీనా స్వయంగా తీన్ బిఘా మీదుగా దహగ్రామ్ వెళ్లి, పది పడకల ఆసుపత్రిని ప్రారంభించి వచ్చారు. ఒప్పందం రాసిన 37 ఏళ్లకు, షరతులు రాసిన 29 ఏళ్లకు, రాసినది రాసినట్టు అమలైంది.

మూడో ప్రశ్న, 2015. మన పార్లమెంటు ఆ ఏడాది మేలో నూరవ రాజ్యాంగ సవరణను ఆమోదించింది. 1992లో తీన్ బిఘాను ఎదిరించిన పార్టీయే అప్పుడు అధికారంలో ఉండి ఈ సవరణను నెగ్గించిందన్నది రాజకీయాలంటే ఆసక్తి ఉన్నవాళ్లకు వదిలేస్తాను. జూలై 31 అర్ధరాత్రి నుంచి బంగ్లాదేశ్‌లో ఉన్న మన 111 చిట్‌మహళ్లు, సుమారు 17,160 ఎకరాలు, ఆ దేశంలో కలిశాయి. మన దేశంలో ఉన్న వాళ్ల 51 చిట్‌మహళ్లు, సుమారు 7,110 ఎకరాలు, మనవయ్యాయి. పదివేల ఎకరాలు నష్టపోయామని లెక్క వేసేవాళ్లున్నారు. పటంలో మన రంగు పూసిన ఆ నేల మీద దశాబ్దాల పాటు మన పాలన సాగింది లేదు. స్వాధీనం లేని పట్టా ఎంత విలువైనదో నా దగ్గరికి వచ్చే కక్షిదారులను అడగండి. దాద్రా కేసు చెప్పాను కదా, అక్కడ మనం అడ్డుకున్నలాంటి దారిని ఇక్కడ మన చిట్‌మహళ్లకు మనమే దక్కించుకోలేకపోయాం. మన చిట్‌మహళ్లలో ఉన్న సుమారు 37 వేల మందిలో భారత్‌కు తరలి వచ్చినవారు వెయ్యి మంది కూడా లేరు. వాళ్ల వైపు ఊళ్ల నుంచి బంగ్లాదేశ్‌కు వెళతామన్నవారు ఒక్కరూ లేరు. పుట్టిన నేల ఏ దేశమైతే ఆ దేశమే తమదన్నారు.

ఆ జాబితాలో దహగ్రామ్ లేదు, ఉండదు కూడా. ఎందుకంటే 1974లోనే దాన్ని వేరే బేరంలోకి తీశారు: దక్షిణ బేరుబారికి బదులు. దహగ్రామ్‌ను మనం తీసుకోవాలంటే బేరుబారిని మళ్లీ బల్ల మీద పెట్టాలి. ఇంత పోరాడి దక్కించుకున్నదాన్ని బెంగాల్‌లో ఏ పార్టీ కదిలిస్తుంది?  కాబట్టి ఆ అర్ధరాత్రి తర్వాత 162 ద్వీపాలు మాయమై, దహగ్రామ్, అంగర్‌పోతాల జంట ఒక్కటే మిగిలింది, తన దారితో సహా.

ఇప్పుడు అంతా సవ్యంగా ఉందనుకోకండి. దారి కూడలి దగ్గర గేట్లూ, బీఎస్‌ఎఫ్ జవాన్లూ ఉంటారు. రెండు దేశాల బండ్లు ఎదురుపడితే ఒక వైపు ఆపి మరో వైపు వదులుతారు. దహగ్రామ్ రైతులకు ఉన్న పెద్ద ఫిర్యాదు పశువుల గురించి. అక్రమ రవాణా భయంతో పశువుల రాకపోకల మీద మన వైపు నుంచి నిఘా, పరిమితులు ఉంటాయి. సంతకు ఆవును తోలుకుపోవడం వాళ్లకు ఇప్పటికీ అంత తేలిక కాదు. దహగ్రామ్ చుట్టూ కంచె మరో తలనొప్పి. సరిహద్దు గీతకు 150 గజాల లోపల ఎవరూ రక్షణ కట్టడాలు కట్టకూడదన్నది 1975 నుంచి రెండు దేశాల మధ్య ఉన్న నియమం. చిన్న చిన్న కమతాలున్న చోట 150 గజాలు వదిలి కంచె వేస్తే మన రైతుల పొలాలే కంచె బయట పడతాయి. గీత మీదే వేస్తే అవతలి వారు ఒప్పుకోరు. 2025 జనవరిలో మెఖ్లిగంజ్ వైపు ఈ కంచె పనుల మీదే ఉద్రిక్తత రేగింది. ఇద్దరి వాదనలోనూ పస ఉంది. పూర్వం రాసిన ఉత్తరాల లాంటిదే ఇంకొకటి, కంచె గురించి విడిగా రాసుకుంటే తప్ప తెగదు. ఒక్కో చోట ఒక్కో కొలత అవసరం కాబట్టి అదీ మళ్లీ జిల్లా అధికారుల స్థాయిలోనే తేలాలని నా అభిప్రాయం.

చూడటానికి వెళ్లాలనుకుంటే చెబుతాను. రైల్లో న్యూ జల్‌పాయ్‌గురి దాకా వెళ్లి అక్కడి నుంచి రోడ్డు మీద మెఖ్లిగంజ్ చేరడం మంచిది. గుర్తింపు కార్డు వెంట ఉంచుకోండి. జవాన్లు ఎక్కడిదాకా వెళ్లమంటే అక్కడిదాకా వెళ్లండి, ఫోటో తీసేముందు అడగండి. కుచ్లిబారి రోడ్డు మీద మీరు వెళ్లవచ్చు గానీ, అడ్డంగా పోయే రోడ్డు పట్టి దహగ్రామ్‌లోకి గానీ పాట్‌గ్రామ్ వైపు గానీ అడుగు వేయలేరు. పాస్‌పోర్టు, వీసా ఉన్నా సరే, ఇక్కడ ముద్ర వేసే కార్యాలయం లేదు. బంగ్లాదేశ్ వెళ్లేవాళ్లు అదే సబ్ డివిజన్‌లోని చాంగ్రాబాంధా చెక్‌పోస్టుకు వెళ్లి అవతల బురిమారిలో దిగాలి. భూటాన్ నుంచి బంగ్లాదేశ్‌కు రాళ్లు మోసుకెళ్లే లారీలతో ఆ దారి కిక్కిరిసి ఉంటుంది, కాస్త ముందుగా బయల్దేరండి.